ప్రాథమిక బడి టీచర్లకు ఏఐ శిక్షణ: స్కూల్ కాంప్లెక్స్‌లో నడిపే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఏఐ శిక్షణ అనగానే మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే: ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, పాతిక ముప్పై యాప్‌ల పేర్లు, సాయంత్రానికి ఒక సర్టిఫికెట్. మర్నాడు బడికి వెళ్లిన ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ముందు మాత్రం అదే 2వ తరగతి, అదే తీసివేత, అదే చివరి బెంచీ పిల్లాడు ఉంటారు. నిన్న విన్న యాప్‌లలో ఏదీ ఆ పిల్లాడి నోటుబుక్కు దాకా రాదు. అందుకే ఈ మార్గదర్శిని పనిముట్ల పేర్లతో కాకుండా తరగతిలో ఆగిపోయిన పాఠంతో మొదలుపెడుతున్నాను. కాంప్లెక్స్ (దగ్గరదగ్గరి బడుల సముదాయం) సమావేశాల్లో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు, సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), ప్రధానోపాధ్యాయులు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు దీన్ని అలాగే వాడుకోవచ్చు. తమ ఇద్దరు ముగ్గురు సహోద్యోగులకు నేర్పాలనుకునే టీచర్లకు కూడా సరిపోతుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇందులో ఏఐని వాడేది టీచరు మాత్రమే, పిల్లలు కాదు. తెలంగాణలో 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో 3, 4, 5 తరగతుల పిల్లలకు కంప్యూటర్ మీద భాష, లెక్కలు అభ్యాసం చేయించే కార్యక్రమం మొదలైంది. దాని దారి వేరు. అక్కడ పిల్లల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ ఉంటుంది, పిల్లలు ఏం చూడాలో ముందే నిర్ణయించి ఉంటుంది. మనం మాట్లాడుకునేది చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్, కోపైలట్ లాంటి మాటల ఏఐల గురించి. వీటిని పాఠం తయారీకి ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడి విషయం.

మొదటి మెట్టు: శిక్షణకు ముందు అడగాల్సినవి

శిక్షణ తేదీకి కనీసం వారం ముందు ప్రతి టీచరునూ రెండు ప్రశ్నలు అడగండి. ఈ నెలలో మీ తరగతిలో ఏ పాఠం దగ్గర పిల్లలు ఆగిపోయారు? బడి పనిలో మీ సమయం ఎక్కువగా తినేది ఏది? జవాబులు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపినా చాలు. గూగుల్ ఫారం పెడితే చాలామంది పొడి పొడి మాటలు రాసి వదిలేస్తారు, నోటితో చెప్పమంటే అసలు విషయం బయటికొస్తుంది.

వచ్చే జవాబులు ఎక్కువగా కొన్ని రకాలుగానే ఉంటాయి. ఒత్తులు రాగానే చదవడం ఆగిపోతోంది. తీసివేతలో దశకం విప్పడం, అంటే ఒక పదిని పది ఒకట్లుగా మార్చుకోవడం, రావడం లేదు. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకోవాలి, ఒకరికి చెబుతుంటే మిగతావాళ్లు ఖాళీగా ఉంటున్నారు. ద్విభాషా పుస్తకంలో ఇంగ్లిష్ పేజీ చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. లెసన్ ప్లాన్ రాయడానికే సాయంత్రాలు అయిపోతున్నాయి. ఈ జవాబులే మీ శిక్షణకు సిలబస్. 2021 జూలై 5న మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్, తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు, రెండూ చెప్పేది పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పునాదిగా రావాలనే. ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో టీచర్ల దగ్గర ఇప్పటికే రాసి ఉంటుంది. ఆ కాగితాన్నే శిక్షణకు తెమ్మనండి.

ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక విడతకు ఇరవై మందికి మించి వద్దు. ఇద్దరికి ఒక ఫోను చాలు. నిజానికి ఇద్దరు కలిసి చేస్తేనే మంచిది, ఒకరు అడుగుతారు, ఇంకొకరు తప్పు పడతారు. నెట్ సరిగా రాని చోటు అయితే ఒకరి హాట్‌స్పాట్ మీద ఇరవై ఫోన్లూ నడవవు. అందుకని రెండు మూడు నెట్‌వర్క్‌ల సిమ్‌లు ఉన్నవాళ్లను వేర్వేరు బల్లల దగ్గర కూర్చోబెట్టండి. ప్రతి జంట దగ్గరా తెల్లకాగితాలు, ఎర్ర పెన్ను ఉండాలి. ఎర్ర పెన్ను ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రెండో మెట్టు: మొదటి గంట తప్పు చూపించడానికే

చాలా శిక్షణల్లో మొదట ఏఐ చేసే గొప్ప పని చూపిస్తారు. నేను దానికి తిరగేసి చేయమంటాను. ముందు అది పొరబడే చోటు చూపించండి. మొదటి గంటలోనే టీచర్లు దాని తప్పును తమ కళ్లతో పట్టుకుంటే, ఆ తర్వాత సంవత్సరాల తరబడి దాన్ని జాగ్రత్తగానే వాడతారు.

దీనికి శతక పద్యాన్ని మించిన పరీక్ష లేదు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పద్యాలు టీచర్లకు ఎన్నో ఉంటాయి. స్నేహం మీద, కష్టపడటం మీద, నీళ్లు ఆదా చేయడం మీద వేమన పద్యాలు నాలుగు ఇవ్వమని ఏఐని అడగనివ్వండి. కొన్ని అసలువే వస్తాయి. మరికొన్నిట్లో చివరి మకుటం సరిగ్గానే ఉంటుంది, పైన మూడు పాదాలు మాత్రం ఎప్పుడూ ఎక్కడా వినని మాటలు. అప్పుడు బోర్డు మీద గణవిభజన చేయించండి. వేమన పద్యాలు ఎక్కువగా ఉండే ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. ఏఐ అల్లిన పద్యం చాలాసార్లు మొదటి పాదంలోనే గణం తప్పుతుంది. తెలుగు బాగా వచ్చిన సీనియర్ టీచర్ ఎవరైనా ఉంటే ఈ పని వాళ్లకే అప్పగించండి. అప్పటి వరకు ఫోను చూసి బెరుగ్గా వెనక కూర్చున్నవాళ్లు అక్కడి నుంచి ముందుకొస్తారు. ఏఐని సరిదిద్దడానికి కావాల్సింది విషయం మీద పట్టు, అది వాళ్ల దగ్గర పుష్కలంగా ఉంది.

ఆ తర్వాత ఎందుకిలా జరుగుతుందో చెప్పండి. అయిదు నిమిషాలు చాలు. ఈ ఏఐ లోపల పద్యాల పుస్తకం ఏదీ పెట్టుకుని వెతకదు. కోట్ల వాక్యాలు చదివిన అలవాటు మీద, ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా వేసుకుంటూ పోతుంది. నిజమైన పద్యం ఎంత ధీమాగా చెబుతుందో, అల్లిన పద్యం కూడా అంతే ధీమాగా చెబుతుంది. కాబట్టి దాని గొంతును బట్టి నిజమో కాదో తేల్చలేం. కొన్నిట్లో ఇంటర్నెట్‌లో వెతికి చెప్పే సౌకర్యం ఉంది, అయినా చివరి తనిఖీ మనదే. తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. ఏఐ మన అక్షరాలను మనలా అక్షరాలుగా చూడదు. మాటను ముక్కలుగా విరిచి చూస్తుంది, తెలుగు మాట ఇంగ్లిష్ మాట కంటే చాలా ఎక్కువ ముక్కలవుతుంది. ఒత్తు ఎక్కడుంది, మాటలో ఎన్ని అక్షరాలున్నాయి అని అడిగితే అది తడబడటానికి ఇదొక కారణం. ఒకటో తరగతి టీచరుకు ఇది చాలా ముఖ్యమైన సంగతి, నాలుగో మెట్టులో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పిల్లల వివరాలు: ఇక్కడ బేరం లేదు

ఫోను చేతికిచ్చే ముందే ఈ మాట చెప్పాలి. పిల్లల పేరు, ఆధార్, ఫొటో, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, కులం, ఆరోగ్య విషయం, ఇవేవీ ఏఐలో రాయకూడదు. మార్కుల జాబితాను ఫొటో తీసి ఎక్కించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. బడిలో చేర్చుకున్నప్పుడు తల్లిదండ్రులు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు అవి, పాఠం తయారీకి వాటితో అవసరమే లేదు. "2వ తరగతిలో ఒక పిల్ల" అంటే ఏఐకి సరిపోతుంది.

పిల్లల చేతికి చాట్‌బాట్ ఇవ్వడం గురించి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. 2023 సెప్టెంబరులో వచ్చిన యునెస్కో మార్గదర్శకాలు తరగతి గదిలో ఇలాంటి ఏఐ వాడకానికి కనీస వయసు 13 ఏళ్లు పెట్టమన్నాయి. చాట్‌జీపీటీ నిబంధనలు కూడా 13 ఏళ్ల లోపు వాళ్లకు కాదనే చెబుతాయి. మన ప్రాథమిక బడి పిల్లలు అంతకంటే చిన్నవాళ్లు. ఇక్కడితో ఈ చర్చ ముగించి ముందుకు వెళ్లవచ్చు.

మూడో మెట్టు: అడగడం నేర్పడం, ఒక తీసివేత లెక్కతో

"తీసివేతల వర్క్‌షీట్ ఇవ్వు" అని అడిగితే ఏఐ ఇచ్చేది బజార్లో దొరికే వర్క్‌బుక్‌లో ఉండేదే. దానికి నెట్ డేటా ఖర్చు ఎందుకు? మన తరగతి పిల్లలు చేసే తప్పును చెప్పి అడిగినప్పుడే దానితో పని ఉంటుంది.

2వ తరగతి టీచరు ఎవరైనా ఈ తప్పును గుర్తుపడతారు. 52 లోంచి 27 తీసేయమంటే పిల్లలు 35 అంటారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసి 5 వేశారు, 5 లోంచి 2 తీసి 3 వేశారు. ఇది పరధ్యానం వల్ల జరిగేది కాదు. పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీయాలని పిల్ల ఒక నియమం పెట్టుకుంది, దాన్ని నిష్ఠగా పాటిస్తోంది. ఇదంతా టీచరుకు తెలుసు. తెలిసినదాన్ని మాటల్లో పెట్టి అడగడమే ఇక్కడ నేర్పాల్సింది. జంటలు ఇలా అడిగి చూడాలి:

"నేను ప్రభుత్వ ప్రాథమిక బడిలో 2వ తరగతికి లెక్కలు చెబుతాను. రెండంకెల తీసివేతలో ఒకట్ల స్థానంలో పై అంకె చిన్నదైతే నా పిల్లలు కింది అంకె లోంచి పై అంకె తీసేస్తున్నారు. 52 నుంచి 27 తీస్తే 35 అంటున్నారు. ఈ తప్పు బయటపడేలా 8 లెక్కలు ఇవ్వు. ప్రతి లెక్క పక్కన సరైన జవాబు, ఈ తప్పు చేసే పిల్ల రాసే జవాబు రెండూ ఇవ్వు. తర్వాత పుల్లలు, పుల్లల కట్టలతో దశకం విప్పి చూపించే కృత్యం ఒకటి చెప్పు. నా దగ్గర పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, నల్లబల్ల మాత్రమే ఉన్నాయి. తెలుగులో, పిల్లలకు తెలిసిన మాటల్లో రాయి."

ఇంత పొడుగ్గా టైప్ చేయక్కర్లేదు. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. టైపింగ్ కష్టమని వెనకాడే టీచర్లకు ఈ ఒక్క విషయం చూపిస్తే సగం భయం పోతుంది. తప్పుగా రాసుకున్న మాటలు ఒకటీ అరా ఉన్నా ఏఐకి అర్థమవుతుంది, అంకెలు మాత్రం పంపే ముందు చూసుకోవాలి.

ఇప్పుడు ఎర్ర పెన్ను. వచ్చిన ఎనిమిది లెక్కలనూ జంటలో ఒకరు చేత్తో చేసి చూడాలి. 63 నుంచి 28 తీస్తే 35, ఆ తప్పు చేసే పిల్ల 45 అంటుంది. 40 నుంచి 17 తీస్తే 23, ఆ పిల్ల 37 అంటుంది. ఇక్కడ ఆగి మాట్లాడించండి. కొందరు పిల్లలు 40 లోంచి 17కి 30 అని రాస్తారు, 0 లోంచి 7 పోదు కాబట్టి 0 అనుకుంటారు. అది వేరే తప్పు, దానికి వేరే మందు. 37 రాసిన పిల్లకూ, 30 రాసిన పిల్లకూ ఒకే పాఠం మళ్లీ చెబితే ఇద్దరిలో ఒకరికి అందదు. జాబితాలో 84 నుంచి 52 లాంటి, దశకం విప్పక్కర్లేని లెక్క ఒకటి వచ్చిందనుకోండి, అడిగినదానికి అది పొరపాటే. అయినా కొట్టేయకండి. దశకం విప్పడం కొత్తగా నేర్చుకున్న పిల్లలు అవసరం లేని చోట కూడా విప్పేస్తుంటారు, అలాంటి లెక్క ఒకటి మధ్యలో ఉంటే అదీ తెలుస్తుంది. ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చే ఈ పది నిమిషాలే మొత్తం శిక్షణలో విలువైన భాగం. సమయం చాలకపోతే ఇంకేదైనా కోత పెట్టండి, దీన్ని మాత్రం కాదు.

అడిగే పద్ధతికి పెద్ద సూత్రాలేమీ అక్కర్లేదు. నేనెవరిని, నా పిల్లలు ఎక్కడ ఆగారు, నా దగ్గర ఏమున్నాయి, నాకు ఏ రూపంలో కావాలి, ఈ నాలుగు సంగతులు మాటల్లో ఉంటే చాలు. మొదటి జవాబు నచ్చకపోతే కొత్తగా మొదలుపెట్టకుండా, "మూడోది కష్టంగా ఉంది, సులువు చేయి", "బెలూన్లు తీసేసి గోలీలు పెట్టు" అని అక్కడే సరిచేయించుకోవడం కూడా నేర్పండి.

నాలుగో మెట్టు: ఒత్తులు లేని కథ

1, 2 తరగతుల టీచర్లకు ఎప్పుడూ దొరకనిది ఒకటుంది. పిల్లలకు ఇప్పటిదాకా నేర్పిన అక్షరాలతో మాత్రమే రాసిన, చదివితే కథలా ఉండే పాఠం. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు. ఆ పిల్లలు చదవగలిగిన కథలు పుస్తకంలో కొన్నే ఉంటాయి, అవి ఇప్పటికే నోటికి వచ్చేసి ఉంటాయి. పిల్ల చదువుతోందా, గుర్తున్నది అప్పజెబుతోందా తెలియదు. కొత్త కథ కావాలి.

ఒత్తులు లేకుండా ఒక కథ రాయమని ఏఐని అడిగి చూడండి. వచ్చేది ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఒక ఊరిలో చిన్న పిల్లి ఉంది. అది చెట్టు ఎక్కింది. అమ్మ పిలిచింది." ఎర్ర పెన్నుతో గీతలు గీయించండి. చిన్న, పిల్లి, చెట్టు, ఎక్కింది, అమ్మ. మూడు చిన్న వాక్యాల్లో అయిదు ఒత్తులు. మీరు ఒత్తులు వద్దన్నారు కదా అని గుర్తుచేస్తే క్షమాపణ చెప్పి ఇంకో కథ రాస్తుంది, అందులో కుక్క ఉంటుంది.

ఇక్కడ పనికొచ్చే ఉపాయం, మాటలు మనం ఇవ్వడం. టీచర్లంతా కలిసి పది నిమిషాల్లో బోర్డు మీద జాబితా రాయాలి. ఆవు, మేక, కోడి, గేదె, దూడ, ఈగ, ఊయల, గూడు, పాలు, నీరు, తాత, మామ, ఆట, పాట, బడి, గుడి, తాడు, పాక. క్రియలు కూడా: తాగింది, అరిచింది, పాడింది, ఊగింది, దూకింది, పితికాడు. ఈ జాబితా ఏఐకి ఇచ్చి, ఈ మాటలతోనే ఆరు వాక్యాల కథ కావాలంటే తప్పులు బాగా తగ్గుతాయి. అయినా మిగిలినవి టీచరే దిద్దాలి. దిద్దిన తర్వాత ఇలాంటిది తయారవుతుంది:

"పాకలో గేదె ఉంది. గేదెకు ఒక దూడ. దూడ పాల కోసం అరిచింది. తాత తాడు ఊడదీశాడు. దూడ గబగబా పాలు తాగింది. మిగిలిన పాలు తాత పితికాడు."

ఇందులో ఒక్క ఒత్తూ లేదు, సున్న మాత్రం ఉంది. సున్న ఇంకా నేర్పని తరగతికి ఇది కూడా సరిపోదు. అలాంటి తరగతికి ఏది మార్చాలో టీచర్లనే చెప్పనివ్వండి. ఈ కథ ఏఐ రాసిందా, టీచరు రాసిందా అని ఎవరైనా అడిగితే, ఇద్దరూ కలిసి రాశారు, పిల్ల చదవగలిగేలా చేసింది మాత్రం టీచరే.

మాండలికం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. ఏఐ రాసే తెలుగు చాలావరకు పత్రికల తెలుగు. శ్రీకాకుళం పిల్లకు, ఆదిలాబాద్ పిల్లకు, మదనపల్లి పిల్లకు ఇంట్లో వినిపించే మాటలు అందులో తక్కువ. కథలో మాటలను మీ ఊరి మాటలుగా మార్చుకోమని టీచర్లకు గట్టిగా చెప్పండి. గోండి, కోయ, సవర, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆ భాషల్లో ఏఐ ఇచ్చేదాన్ని నమ్మి బోర్డు మీద రాయకూడదు. ఆ భాష మాట్లాడే తల్లులు, అవ్వలు ఊళ్లోనే ఉంటారు. వాళ్లు చెప్పిన కథను ఫోనులో రికార్డు చేసుకుని, ఆ భాష వచ్చినవాళ్లతో రాయించుకుని, దానికి బొమ్మలు, ప్రశ్నలు తయారు చేసుకోవడానికి ఏఐని వాడుకోవచ్చు. కథ మాత్రం ఊరిదే కావాలి.

అయిదో మెట్టు: మూడు తరగతులు, ఒకే టీచరు

ఏకోపాధ్యాయ బడుల్లో ఏఐ ఎక్కువ సమయం ఆదా చేసేది ఇక్కడే. టీచరు 3వ తరగతికి కొత్త పాఠం చెబుతున్నప్పుడు 4, 5 తరగతులు తమంతట తాము చేసుకునే పని కావాలి. ఆ పని చేతిలో ఉంచుకోవడమే కష్టం.

ఏఐని ఒకే విషయాన్ని మూడు స్థాయిల్లో అడగమనండి. ఉదాహరణకు నీరు. 3వ తరగతి ఇంట్లో నీళ్లు దేనికి వాడతారో బొమ్మలు గీసి పేర్లు రాస్తుంది. 4వ తరగతి బిందెలతో, సీసాలతో కొలిచి పట్టిక రాస్తుంది. 5వ తరగతి మన ఊళ్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో పెద్దవాళ్లను అడగడానికి ప్రశ్నలు తయారు చేస్తుంది. నలభై నిమిషాల్లో ఏ పావుగంటకు టీచరు ఎవరి దగ్గర ఉండాలో కూడా రాసివ్వమనవచ్చు. వచ్చిన ప్రణాళికలో టీచరు ఒకేసారి రెండు చోట్ల ఉన్నట్టు రాసి ఉంటే, అది పట్టుకోవడం మళ్లీ మన పని.

పరిసరాల విజ్ఞానంలో ఇంకో హెచ్చరిక. మీ ఊరి చెరువు పేరు, మండలంలో పండే పంట, దగ్గరి కోట చరిత్ర ఏఐని అడగొద్దు. చిన్న ఊళ్ల గురించి దానికి తెలిసింది తక్కువ, తెలియదని చెప్పకుండా ఏదో ఒకటి అల్లే అవకాశం ఎక్కువ. ఊరి సంగతి పిల్లలు ఊళ్లో తెలుసుకుని రావాలి. వాళ్లు ఏం అడగాలో ఆ ప్రశ్నల వరకు ఏఐ సాయం తీసుకోవచ్చు.

పుస్తకం, బొమ్మలు, ఇంగ్లిష్

ఏఐ జవాబు మన పాఠ్యపుస్తకానికి కట్టుబడి ఉండాలంటే ఆ పాఠాన్నే దానికి ఇవ్వాలి. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో మైక్రోసాఫ్ట్ రిసర్చ్ ఇండియా, శిక్షణ ఫౌండేషన్ కలిసి ప్రయత్నించిన శిక్షా కోపైలట్ కూడా రాష్ట్ర పాఠ్యపుస్తకాల ఆధారంగానే లెసన్ ప్లాన్లు తయారు చేస్తుంది. మన దగ్గర విడిగా చేసుకునేవాళ్లు గూగుల్ నోట్‌బుక్‌ఎల్ఎం లాంటి దానిలో పుస్తకం పీడీఎఫ్ ఎక్కించి, దాని ఆధారంగానే జవాబులు ఇవ్వమనవచ్చు. ఒక్క ఇబ్బంది చెప్పాలి. యూనికోడ్‌లో కాకుండా అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో కంపోజ్ చేసిన తెలుగు పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, ఏఐ కూడా వాటినే చదివి ఏదేదో చెబుతుంది. అలాంటప్పుడు ఆ పేజీని వెలుతురులో నీడ పడకుండా ఫొటో తీసి ఇచ్చి, ముందు దానిలో ఏముందో ఉన్నదున్నట్టు రాయమనండి. రాసింది పుస్తకంతో పోల్చుకున్నాకే లెసన్ ప్లాన్ అడగాలి.

బొమ్మలు తయారు చేసే ఏఐతో ఆవు, మేక, వర్షం లాంటివి బాగానే వస్తాయి. బొమ్మలో తెలుగు అక్షరాలు మాత్రం దాన్ని రాయనివ్వొద్దు, గుణింతాలు తరచూ వంకర పోతాయి. అక్షరాలు నేర్చుకునే పిల్ల ముందు తప్పు అక్షరం ఉన్న చార్టు వారం రోజులు గోడకు వేలాడితే దాన్ని మాన్పించడానికి ఎంతకాలం పడుతుందో టీచర్లకు చెప్పక్కర్లేదు. బొమ్మ ఏఐది, రాత టీచరుది.

ఇంగ్లిష్ విషయంలో మాత్రం సంకోచం లేకుండా వాడుకోమంటాను. ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఇంగ్లిష్ పేజీ దగ్గర ఇబ్బంది పడే టీచర్లు చాలామంది ఉన్నారు, ఆ మాట పైకి చెప్పుకోలేరు. ఏఐతో వాయిస్‌లో ఒంటరిగా సాధన చేసుకోవచ్చు. తరగతిలో రోజూ వాడే ఇరవై వాక్యాలు, వరసలో నిలబడండి, పుస్తకం తీయండి, పక్కవాళ్లకు చూపించండి లాంటివి, వినిపించమని, తను అన్నది సరిదిద్దమని అడగవచ్చు. నలుగురిలో తప్పు మాట్లాడితే నవ్వుతారనే జంకు అక్కడ ఉండదు. శిక్షణలో దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, కావాలంటే ఎవరికి వాళ్లు వరండాలోకి వెళ్లి చేసుకోనివ్వండి.

ఆరో మెట్టు: రెండు సమావేశాల మధ్య

ఒక్క రోజు శిక్షణతో అలవాటు రాదు. మూడు కాంప్లెక్స్ సమావేశాలకు పంచండి. మొదటి దానిలో పైన చెప్పిన రెండు, మూడు మెట్లు, రెండో దానిలో మిగతావి. మూడోది పూర్తిగా టీచర్లు చేసుకొచ్చిన పని చూడటానికే.

రెండు సమావేశాల మధ్య ప్రతి టీచరూ ఒకే ఒక పని చేయాలి. ఏఐ సాయంతో తయారు చేసిన ఒక కృత్యాన్ని తరగతిలో నడిపి, వచ్చేటప్పుడు మూడు వస్తువులు తేవాలి. ఏఐ ఇచ్చిన మొదటి జవాబు, ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం, పేరు కనబడకుండా ముగ్గురు పిల్లల నోటుబుక్కు పేజీలు. ఆ ముగ్గురిలో ఒకరు బాగా చేసినవాళ్లు, ఒకరు మధ్యరకం, ఒకరు అసలు అందుకోలేనివాళ్లు అయి ఉండాలి. బాగా చేసిన పేజీలు మాత్రమే తెచ్చే అలవాటు మనందరికీ ఉంది కాబట్టి ఈ షరతు పెడుతున్నాను.

సమావేశంలో ఈ కాగితాలు బల్ల మీద పరిచి చూడండి. పిల్ల ఎక్కడ ఆగింది? ఆగింది కృత్యంలో లోపం వల్లా, మాట అర్థం కాకా? దిద్దిన కాగితంలో ఎర్ర గీతే లేకపోతే, టీచరు దాన్ని సరిగా చూడలేదని అనుకోవాలి. మొదటిసారి మందలించకండి, పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. వీలైతే సీఆర్‌పీ ఒకసారి తరగతికి వెళ్లి కృత్యం నడుస్తుంటే వెనక కూర్చుని చూస్తే ఇంకా బాగుంటుంది, తనిఖీలా మాత్రం అనిపించకూడదు.

యునెస్కో 2024లో టీచర్లకు ఏఐ సామర్థ్యాల చట్రం ఒకటి తెచ్చింది. అందులో 15 సామర్థ్యాలు, వాటికి మూడు స్థాయిలు ఉన్నాయి: నేర్చుకోవడం, లోతుకు వెళ్లడం, కొత్తగా తయారుచేయడం. మండల స్థాయిలో ప్రణాళిక రాసేవాళ్లు దాన్ని చదవడం మంచిది. కాంప్లెక్స్‌లో మాత్రం ఆ పదిహేనింటినీ టీచర్ల నెత్తిన పెట్టొద్దు. అడగడం, తప్పు పట్టడం, పిల్లల వివరాలు కాపాడటం వస్తే మొదటి సంవత్సరానికి సరిపోతుంది.

శిక్షణ ఫలించిందా అన్నది ఎంతమంది హాజరయ్యారన్న లెక్కలో తెలియదు. మూడో సమావేశంలో ఎర్ర గీతలు మొదటిసారి కంటే పదునుగా ఉన్నాయా చూడండి. లెసన్ ప్లాన్ రాయడంలో మిగిలిన సమయం ఎటు పోయిందో అడగండి. అది వెనకబడిన పిల్లల పక్కన కూర్చోవడానికి వెళ్లిందంటే సరైన దారిలో ఉన్నట్టే. ఇంకో రికార్డు రాయడానికి వెళ్లిందంటే ఆ సంగతి ఎంఈవో (మండల విద్యాధికారి) దగ్గర ఎత్తాలి, ఎందుకంటే అది టీచరు చేతిలో ఉన్నది కాదు.

దిద్దిన కథలు, లెక్కలు కాంప్లెక్స్ మొత్తానికి ఒకే డ్రైవ్ ఫోల్డర్‌లో దాచండి. ఫైలు పేరులో తరగతి, పాఠం, దిద్దినవారి బడి ఉండాలి. దిద్దని కాగితం అందులోకి రాకూడదు. వాట్సాప్ గ్రూపు ఒక్కటే నమ్ముకుంటే పండగ శుభాకాంక్షల మధ్య అవి పోతాయి. రెండో విడత శిక్షణకు రిసోర్స్ పర్సన్లను ఎంచుకునేటప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. ఎవరి ఎర్ర గీతలు ఎక్కువ కచ్చితంగా ఉన్నాయో వాళ్లను పిలవండి. వాళ్ల దగ్గర పాత ఫోను ఉన్నా ఫర్వాలేదు.